‘వద్దు’ అనగలిగినప్పుడే ఇష్టమైన పని

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు పేరు చెప్పగానే పదేళ్లుగా ఒకే హామీ వినిపిస్తోంది. పోర్టు వస్తుంది, ఉద్యోగాలు వస్తాయి. 2015లో భావనపాడు పోర్టు కోసం వేల ఎకరాలు సేకరిస్తామని నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు అదే హామీ. ఊళ్లు ఎదురు తిరిగాయి. తర్వాత పోర్టు స్థలం పక్కనే ఉన్న మూలపేటకు జరిగింది. 2023 ఏప్రిల్ 19న రూ.4,362 కోట్ల అంచనాతో అక్కడ శంకుస్థాపన చేసినప్పుడూ అదే హామీ. 2024లో ప్రభుత్వం మారింది. హామీ మాత్రం అలాగే ఉంది.

ఇన్ని హామీల మధ్య ఒక చిన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. ఆ తీరంలోని దళితవాడ పిల్లను, మత్స్యకారుల పిల్లాడిని పిలిచి ‘నీకు ఏ పని ఇష్టం?’ అని అడగడం. పేదవాడికి ఏదో ఒక పని దొరికితే చాలు, ఇష్టాయిష్టాలు తర్వాత అన్నది మన పాలకుల లెక్క. మన సంఘాల్లో కూడా చాలామంది లెక్క అదే.

ఇదే కాలంలో నగరాల్లో మరో మాట బాగా చెలామణీ అవుతోంది. ‘డబ్బు కోసం కాదండీ, తృప్తి కోసం పనిచేస్తున్నాను.’ లక్షల జీతం వదిలి సేంద్రియ వ్యవసాయంలోకి దిగినవాళ్లు, బడి పెట్టినవాళ్లు, సినిమా తీసినవాళ్లు ఈ మాట అంటారు. వాళ్ల చిత్తశుద్ధిని శంకించక్కర్లేదు. అయితే వాళ్లు వదిలింది జీతాన్ని మాత్రమే. తాతల నాటి పొలం, సొంత ఇల్లు, తండ్రి పింఛను, కష్టమొస్తే ఆదుకునే బంధువర్గం వాళ్ల వెనుక అలాగే ఉన్నాయి. నచ్చని పనిని కాదనే ధైర్యం వాళ్లకు అక్కడి నుంచి వస్తోంది.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే. ఇష్టపడి పనిచేయడానికి ముందు, ఇష్టం లేని పనిని ‘వద్దు’ అనగలగాలి. అలా అనగలిగే బలం ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర నుంచి లాక్కుంటున్నారు అన్నది కుల ప్రశ్న. భావనపాడు తీరంలో ఇప్పుడు నడుస్తున్నది కూడా ఆ ప్రశ్నే.

అంబేడ్కర్ ముందే పట్టుకున్న విషయం

లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ సభ కోసం రాసి, ఆ సభ రద్దు కావడంతో 1936లో సొంతంగా అచ్చు వేయించిన ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ ఈ విషయం మీద సూటిగా మాట్లాడారు. కులాన్ని శ్రమ విభజన అని సమర్థించేవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు అందరికీ తెలుసు: అది శ్రామికుల విభజన కూడా. ఆ జవాబు తర్వాత వచ్చే వాదనను మనం తక్కువగా చదువుతాం. కులం పని అప్పగించేటప్పుడు మనిషి సామర్థ్యాన్నీ అభిరుచినీ చూడదు, పుట్టుకను చూస్తుంది. అందువల్ల మనసూ బుద్ధీ పెట్టని పనుల్లో జనం జీవితాంతం ఉండిపోతారు. అలాంటి వ్యవస్థ ఆర్థికంగా కూడా నష్టమే అని ఆయన వాదించారు.

అంటే పనిలో తృప్తి అనే ప్రశ్నను అంబేడ్కర్ కడుపు నిండినవాళ్ల ముచ్చటగా చూడలేదు. కులాన్ని కూలదోయడానికి అది ఒక కారణమని చెప్పారు.

ఆ ప్రశ్న నిజ జీవితంలో ఎలా ఎదురవుతుందో బెజవాడ విల్సన్ జీవితంలో కనిపిస్తుంది. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారాయన. చదువుకుని ఉపాధి కార్యాలయానికి వెళితే అక్కడ ఆయనకు చూపించింది కూడా ఆ పనే. దరఖాస్తులో ఆసక్తి రాసే గడి ఉన్నా, కులం దాన్ని ముందే నింపేసి ఉంచుతుంది. ఆ గడిని చెరిపేయడమే తన జీవితంగా మార్చుకుని ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపారు. 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నారు.

ఉత్తరాంధ్ర పట్టణాల్లో రెల్లి కులస్తుల సంగతి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వీధులు ఊడ్చే పని తరం తర్వాత తరం వాళ్ల మీదే పడుతోంది. దేశవ్యాప్తంగా కూడా ఇంతే. కేంద్రం ‘నమస్తే’ పథకం కింద మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలు సేకరించింది. 2024లో బయటికి వచ్చిన లెక్క ప్రకారం, నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలు, ఓబీసీలను కలిపితే 92 శాతం. ఇంతమందికీ ఒకే పని మీద ఇష్టం పుట్టిందని ఎవరూ అనరు కదా.

తృప్తి పేరుతో కోసిన కూలి

అన్నవాళ్లు ఉన్నారు. పాకీ పనిని పవిత్రమైన సేవగా గాంధీ కీర్తించారు. ఆ కీర్తన అంటరానివాళ్లను అక్కడే కట్టిపడేస్తుందని 1945లో వెలువరించిన కాంగ్రెస్-గాంధీ గ్రంథంలో అంబేడ్కర్ ఎండగట్టారు. అయినా ఆ ఆలోచన పోలేదు. నరేంద్ర మోదీ గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2007లో ఆయన ప్రసంగాలతో ‘కర్మయోగ్’ అనే పుస్తకం తయారైంది. వాల్మీకి కులస్తులు కేవలం బతుకుతెరువు కోసమే అయితే తరతరాలు ఈ పని చేసి ఉండేవారు కాదని, ఏదో ఆధ్యాత్మిక భావనతోనే చేశారని అందులో ఉంది. దళిత సంఘాలు మండిపడ్డాయి.

‘డబ్బు కోసం కాదు, తృప్తి కోసం’ అన్న నగరం మాట ఇక్కడ తలకిందులై కనిపిస్తుంది. ఆస్తి ఉన్నవాడు తన గురించి తాను అనుకుంటే అది స్వేచ్ఛ. ఏమీ లేనివాడి గురించి పైవాడు అంటే అది కూలి ఎగ్గొట్టే సాకు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సాకును మనం దగ్గర నుంచి చూశాం. 2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది యువతీ యువకులకు నెలకు రూ.5,000. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. 2021 ఫిబ్రవరిలో వాళ్లు వేతనం పెంచాలని రోడ్డెక్కితే, మీది ఉద్యోగం కాదు, సేవ అని ముఖ్యమంత్రి నుంచి లేఖ వచ్చింది. సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అంటూ పురస్కారాలు వచ్చాయి. 2024లో ఎన్నికలు జరిగాయి. వేతనం రూ.10 వేలకు పెంచుతామన్న కూటమి గెలిచింది. చివరికి 2023 ఆగస్టు తర్వాత వాళ్లను కొనసాగిస్తూ ఉత్తర్వులే లేవని, కాబట్టి వాలంటీర్లు లేనట్టేనని కొత్త ప్రభుత్వం చెప్పింది. ఉద్యోగం అని రాసి ఉంటే తీసేసినప్పుడు కారణం చెప్పాల్సి వచ్చేది. సేవను ఆపేయడానికి నోటీసు కూడా అక్కర్లేకపోయింది.

అంగన్‌వాడీల అనుభవం ఇంకా చేదు. కార్యకర్తకు రూ.11,500, ఆయాకు రూ.7,000. అదీ గౌరవ వేతనమే. 2023 డిసెంబరు 12న సమ్మె మొదలుపెట్టి 42 రోజులు నిలబడ్డారు. మధ్యలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే ‘మీరు ఉద్యోగులు కారు, స్వచ్ఛందంగా సేవ చేస్తున్నవాళ్లు’ అంటారు. పని ఆపితే ‘మీది అత్యవసర సర్వీసు, ఆపడానికి వీల్లేదు’ అంటారు. స్వచ్ఛందంగా చేసే పని అయితే మానుకునే స్వేచ్ఛ ఉండాలి కదా! సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో గుజరాత్ అంగన్‌వాడీల కేసులో ఈ డొల్లతనాన్ని కొంత బయటపెట్టింది. గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదని, వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని తీర్పు చెప్పింది.

సేవ, గౌరవం, తృప్తి అనే మాటలు జీతం చీటీ మీద కనిపించినప్పుడల్లా మనం ఒకటి చూసుకోవాలి. ఈ పనిని కాదనే హక్కు వీళ్లకు ఉందా? లేకపోతే ఆ మాటలు వెట్టికి వేసిన కొత్త రంగు.

భావనపాడు తీరం ఏం పోగొట్టుకుంటోంది?

ఇప్పుడు మళ్లీ పోర్టు దగ్గరికి వద్దాం. ఈ తీరానికి సముద్రం ఉంది. నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి. కాకరాపల్లి బీల ఉంది. పశువుల మేత, చేపలు, గడ్డి, సాగునీరు అన్నీ ఆ బీల ఇచ్చేది. మత్స్యకారులు సముద్రం మీద, దళితులూ ఇతర పేదలూ పొలం కూలి, ఉప్పు పని, బీల మీద బతికారు. ఈ బతుకులు సుఖంగా ఉన్నాయని చెప్పడం అబద్ధం. ఉన్న పని చాలకే కదా ఇక్కడి జనం వలస పోయింది. గుజరాత్ బోట్లలో కూలికి వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో మగ్గినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోతే, ఆ శవాల్లో పలువురు ఈ రెండు జిల్లాల కూలీలు.

కాబట్టి పోర్టును సమర్థించేవాళ్లు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది. వలస పోయి చావడం కన్నా ఊళ్లో ఉద్యోగం మేలు కాదా? మేలే. ఆ ఉద్యోగం ఏమిటో, ఎవరిదో, ఎన్నేళ్లదో తేలాలి. అది తేలకముందే చేతిలో ఉన్నది పోతోంది.

సముద్రం, బీల, సొంత చెక్క భూమి జనాన్ని ధనవంతుల్ని చేయలేదు. ఒక్కటి మాత్రం ఇచ్చాయి. ఆసామి పిలిచిన రోజున ‘ఈ కూలికి రాను’ అనడానికి కాస్త ఊతం. పదిరోజులు పనికి వెళ్లకపోయినా కూర ఉంటుంది, మేక ఉంటుంది, గింజలు ఉంటాయి. ఆ ఊతాన్ని కాపాడుకోవడానికే కాకరాపల్లి థర్మల్ ప్లాంటు మీద చుట్టుపక్కల ఊళ్లు పోరాడాయి, 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాయి. అంతకుముందు 2010 జూలై 14న సోంపేటలోనూ అదే జరిగింది.

దళితులకు ఈ ఊతం ఎంత విలువైందో, దాన్ని అందుకోబోతే ఏం జరుగుతుందో లక్ష్మీపేట చెప్పింది. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోని ఆ ఊళ్లో, మడ్డువలస రిజర్వాయర్ కోసం సేకరించి మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకున్నారు. 2012 జూన్ 12న ఆధిపత్య కులం వాళ్లు దాడి చేసి ఐదుగురు దళితుల్ని చంపారు. భూమి దక్కితే మాల పేట నుంచి రేపు కూలికి ఎవరూ రారేమోనన్న భయం కూడా అలాంటి దాడుల వెనుక ఉంటుంది.

మూలపేట పోర్టు కోసం మూలపేట, విష్ణుచక్రం ఊళ్లను ఖాళీ చేయించి నౌపడ దగ్గర పునరావాసం చూపించారు. ఇక్కడ 2013 భూసేకరణ చట్టాన్ని మనం చేతిలో పట్టుకుని చదవాలి. ఆ చట్టంలో ‘బాధిత కుటుంబం’ అంటే భూమి ఉన్నవాడు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ నేల మీద పనిచేసిన వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్లు, నీటి మీద బతికే మత్స్యకారులు అందరూ అందులోకి వస్తారు. రెండో షెడ్యూల్ ఆ కుటుంబానికి మూడు దారులు చూపిస్తుంది. ప్రాజెక్టులో ఉద్యోగాలు పుడితే శిక్షణ ఇచ్చి ఇంటికొకరికి కనీస వేతనానికి తగ్గకుండా ఉద్యోగం, లేదా ఒకేసారి రూ.5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం రూ.2,000. ఎంచుకోవాల్సింది కుటుంబం. ఇంకొకటి కూడా ఉంది. ఏ ప్రాజెక్టులోనైనా భూమి కోల్పోయిన ఎస్సీ, ఎస్టీలకు అంతే భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని ఆ షెడ్యూల్ చెబుతోంది.

డి-పట్టా భూముల విషయంలోనూ స్పష్టత ఉంది. సర్కారు ఇచ్చిన భూమి కదా అని తక్కువ పరిహారంతో సరిపెట్టడం కుదరదని, పట్టాదారుతో సమానంగా చెల్లించాలని 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది.

చట్టం ఇంత చెబుతున్నా కూలీ పేరు ఏ రికార్డులోనూ ఉండదు. మూడేళ్లు ఫలానా పొలంలో పనిచేశానని కాగితం చూపించమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? ఆసామికి పరిహారం చెక్కు వస్తుంది, దానితో టెక్కలిలో ఇల్లు కడతాడు, కొడుకుని బయటి దేశం పంపుతాడు. రేపు ఆ కొడుకు తృప్తినిచ్చే పని వెతుక్కోవచ్చు. అదే పొలంలో నాట్లు వేసిన మనిషి పోర్టు గేటు దగ్గర కాంట్రాక్టరు మేస్త్రీ కోసం ఎదురుచూస్తుంది.

ఆ గేటు లోపల రిజర్వేషన్ కూడా ఉండదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. స్థానికుల్లో దళితులకు ఎంత అన్న మాట ఆ లెక్కలో లేదు. 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది. రెల్లి సహా 12 ఉపకులాలకు 1 శాతం, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5 శాతం కేటాయించారు. కాంట్రాక్టరు నడిపే పనుల్లో ఆ శాతాలకు విలువ లేదు. అక్కడ ఊడ్చేవాళ్లుగా, కాపలావాళ్లుగా, బరువులు మోసేవాళ్లుగా ఎవరు చేరతారో ఊహించడం కష్టం కాదు. ఊళ్లో కులం అప్పగించిన పనులే పోర్టులో యూనిఫాం వేసుకుంటాయి.

చదువుకున్నవాళ్ల మాటేమిటి?

డిగ్రీ, పీజీ దాకా వచ్చిన మన విద్యార్థులకూ ఈ గోడ తగులుతుంది. మనసుకు నచ్చిన పని అని సమాజం ఒప్పుకునే రంగాలు కొన్ని ఉన్నాయి. పత్రికలు, సినిమా, పరిశోధన, స్వచ్ఛంద సంస్థలు. వీటిలో మొదటి రెండు మూడేళ్లు జీతం లేకుండానో, బస్సు చార్జీలకు సరిపడేంతతోనో గడపాలి. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లు ఆ ఏళ్లు దాటుతారు. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు దాటలేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ చేసిన అధ్యయనంలో, పరిశీలించిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు. రాయడం ఇష్టమున్న దళితులు లేక కాదు ఈ సున్నా.

రోహిత్ వేములకు సైన్సు రచయిత కావాలని ఉండేది. ఆ మాటా, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ మాటా 2016 జనవరి 17న ఆయన రాసిన చివరి ఉత్తరంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఆశ నెలనెలా అందే ఆ ఫెలోషిప్ మీద నిలబడి ఉంది.

కష్టంగా ఉన్నా మన ఉద్యమాల గురించి కూడా అనుకోవాలి. ‘ఉద్యమం కోసం’ అని చెప్పి దళిత విద్యార్థి చేత పోస్టర్లు వేయిస్తాం, అనువాదాలు చేయిస్తాం, నిజనిర్ధారణకు పంపుతాం, రాత్రంతా వీడియోలు ఎడిట్ చేయిస్తాం. డబ్బు గురించి అడిగితే నిబద్ధత లేదంటాం. ఆ కుర్రాడు గ్రూప్-2కి చదువుకుంటానని వెళ్లిపోతే ‘కెరీర్ చూసుకున్నాడు’ అని నవ్వుతాం. వాలంటీర్లకు ప్రభుత్వం చెప్పిన సేవ పాఠానికీ మనం చెప్పే దీనికీ తేడా ఎంత?

అంబేడ్కర్ జీతాన్ని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. ఆగిపోయిన లండన్ చదువు పూర్తిచేయడానికి డబ్బు కావాలి కాబట్టి 1918 నుంచి 1920 దాకా బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. తర్వాత వకీలుగా సంపాదించుకుంటూ ఉద్యమం నడిపారు. బొజ్జా తారకం 1985 జూలై 17 కారంచేడు మారణకాండ తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేశారు. ఆ త్యాగం చిన్నది కాదు. చేతిలో సొంత వృత్తి ఉంది కాబట్టి ఆ రాజీనామా ఇచ్చాక కూడా ఆయన కోర్టులో నిలబడి దళితుల కేసులు వాదించగలిగారు. జీతం అక్కర్లేని మనుషుల కోసం ఉద్యమం వెతుక్కుంటూ పోతే, చివరికి ఆస్తి ఉన్నవాళ్లే నాయకత్వంలో మిగులుతారు.

కాదనే హక్కును కాపాడుకోవడం

దప్పు కొట్టే చెయ్యి ఒకటే. ఊళ్లో చావుకు, జాతరకు పిలిస్తే తప్పనిసరిగా వెళ్లి కొట్టినప్పుడు అది వెట్టి. 1994 తర్వాత దండోరా సభల్లో తన ఇష్టం మీద కొట్టినప్పుడు అది ఆత్మగౌరవం. వాద్యం మారలేదు, నైపుణ్యం మారలేదు. రానని చెప్పగలిగే స్థితి వచ్చింది.

దళిత ఉద్యమ చరిత్రలో పెద్ద అడుగులన్నీ ఈ ‘రాను’ చుట్టూ ఉన్నాయి. మహర్ వతన్ పేరుతో సాగే వెట్టిని తొలగించడానికి 1928లో అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. 2016లో ఊనా దాడి తర్వాత గుజరాత్ దళితులు చచ్చిన పశువుల్ని ఎత్తడం మానేశారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూడా తన పరిధిలో ఇదే పని చేసింది. వంద రోజుల పని ఊళ్లోనే దొరుకుతుందన్న ధీమాతో కూలీలు, ముఖ్యంగా దళిత మహిళలు, ఆసామి దగ్గర కూలి రేటు మాట్లాడగలిగారు.

అందుకే 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని జాగ్రత్తగా చూడాలి. పని రోజులు 125కు పెంచామని చెబుతున్నారు. అదే చట్టం విత్తు, కోత కాలాల్లో 60 రోజుల దాకా పనులు ఆపేయమంటోంది. ఖర్చులో 40 శాతం చాలా రాష్ట్రాల నెత్తిన పెట్టింది. సరిగ్గా ఆసామికి కూలీ అవసరమైన రోజుల్లోనే కూలీకి రెండో దారి మూసేస్తే, బేరమాడే బలం ఎవరికి పోతుంది?

భావనపాడు, మూలపేట ప్రాంతంలో పనిచేసే సంఘాలు, టెక్కలి, శ్రీకాకుళం కాలేజీల విద్యార్థులు ఇప్పుడే మొదలుపెట్టగల పనులు ఉన్నాయి. పునరావాస జాబితాలో భూమిలేని దళిత కుటుంబాలు ఎన్ని ఉన్నాయో సమాచార హక్కు కింద అడగాలి. భూమి పోయిన ఎస్సీలకు భూమికి భూమి ఇచ్చారో లేదో తేల్చాలి. మూడు దారుల్లో ఏది కావాలో ఎంచుకునే అవకాశం కుటుంబాలకు ఇచ్చారా, లేక ఆఫీసులోనే టిక్కు పెట్టేశారా అని ఇంటింటికీ వెళ్లి రాసుకోవాలి. పోర్టు ఉద్యోగాల్లో, శిక్షణలో ఎస్సీ ఉపకులాల వాటా ప్రకటించాలని, క్రేన్ ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, అకౌంట్స్, సర్వే పనుల్లో కూడా ఆ వాటా కనిపించాలని పట్టుబట్టాలి. పారిశుద్ధ్యం ఒక్కదానిలో నూరు శాతం చూపించి లెక్క సరిపోయిందంటే ఒప్పుకోకూడదు. మన సంఘాలు కూడా పనిచేయించుకున్న విద్యార్థికి, కొద్దిగా అయినా, డబ్బు చెల్లించే పద్ధతి పెట్టుకోవాలి.

తృప్తినిచ్చే పని దళితుల పిల్లలకు దూరపు కల అని ఎవరైనా అంటే నమ్మకండి. పడవ చెక్కేవాడికి, నాటు వేసేవాళ్లకు, పాట కట్టేవాడికి పనిలో ఆనందం తెలుసు. వాళ్లకు లేనిది ఆ పనికి ధర చెప్పే అధికారం, నచ్చకపోతే లేచి వెళ్లిపోయే వీలు. పోర్టు వస్తే ఓడలు వస్తాయి. ఆ వీలు మాత్రం నేలతో, చట్టంతో, సంఘటిత పోరాటంతో మనమే తెచ్చుకోవాలి.